నీలం రంగు కనబడకూడదట

ఊరి పాత భూపటాల ప్రదర్శనకు ఏర్పాట్లు చేయడానికి మేస్త్రీ కూతురు ఊళ్ళోని లైబ్రరీలో ఇంటర్న్‌గా చేరింది. ఇంటర్న్ అంటే ఏమిటో మొదటిరోజే తెలిసింది: అందరూ వద్దనుకున్న పనంతా. మెత్తటి బ్రష్షుతో పటాల దుమ్ము దులపాలి, నలిగినవాటిని బరువుల కింద పెట్టి చదును చేయాలి, ఫ్రేములో పటం చుట్టూ వచ్చే అట్టను కొలిచి కిటికీలా కోయాలి. చేతిపని ఆమెకు కొత్తేమీ కాదు, తండ్రి తాపీమేస్త్రీ.

ఆ తండ్రి సంగతి చెప్పకపోతే తర్వాత ఆమెకు వచ్చిన కోపం అర్థం కాదు. ఊళ్ళో ఆయన కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి, దేనికీ వంక లేదు. సొంత ఇంట్లో మాత్రం వాన పడితే చాలు, నేల అడుగునుంచి నీళ్ళు ఊరతాయి. గోడలు నడుం ఎత్తు దాకా పాచిపడతాయి.

"ఊరందరికీ కొంపలు కట్టి, మనకు మాత్రం చిల్లుకుండ కట్టాడు మహానుభావుడు!" అని తల్లి బకెట్లతో నీళ్ళు ఎత్తిపోస్తూ దెప్పేది. "బావ పునాదిలో సిమెంటు మిగుల్చుకున్నాడు" అని మేనమామ నలుగురిలో నవ్వులాట చేసేవాడు. "నేలలోనే ఏదో ఉందే" అని ఆయన మొదట్లో అనేవాడు. ఎవరూ చెవిన పెట్టకపోయేసరికి అనడం మానేశాడు. నాన్న అలా తలవంచుకున్నప్పుడల్లా ఆ పిల్లకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

ఒకనాడు ఒక పటం దుమ్ము దులుపుతుంటే తెలిసింది. రైలుకట్ట ఉంది, రోడ్డు మలుపు ఉంది, వాళ్ళ వీధి ఉండవలసిన చోట నీలం రంగు ఉంది. చిన్నాచితకా గుంట కాదు, గట్టు గీసిన చెరువు. కొత్త పటం తెచ్చి పక్కన పెట్టి పోల్చింది. చెరువు నడిబొడ్డున వాళ్ళ వంటిల్లు!

పెద్దసారు కూడా చూశాడు. లైబ్రరీకి ఆయనే సర్వాధికారి.

"అమ్మాయ్, ఆ మూల అట్ట కిందికి పోనీ. కిటికీ కాస్త చిన్నగా కొయ్యి."

"చెరువు కనబడదు కద సార్?"

"కనబడకూడదనే చెప్తున్నా. ఈ ప్రదర్శన ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారనుకున్నావ్? అక్కడ ప్లాట్లేసి అమ్మింది వాళ్ళ నాన్నగారే."

"మా ఇల్లు అందులోనే ఉంది సార్. నీళ్ళొస్తున్నాయి."

"గట్టిగా కట్టుకోవాలమ్మా ఇల్లు. మేస్త్రీ ఎవరో చేతకానివాడు దొరికినట్టున్నాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో అట్ట కోసే కత్తి ఉంది కాబట్టి, పళ్ళు బిగబట్టి దాన్ని బల్లమీద పెట్టేసింది. ఆయన పోయాక మళ్ళీ తీసుకుంది. పటం నాలుగు అంచులూ కనబడేటట్టు, గట్టుతో సహా చెరువంతా కనబడేటట్టు కోసింది. ఇంటర్న్‌గా చేసినట్టు సర్టిఫికెట్ రాదని తెలుసు. రాకపోతే పోనీ! ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే అమ్మ నమ్మే మనిషా? కళ్ళతో చూడాలి.

ప్రారంభోత్సవం నాడు ఆ ఫ్రేమును చివరి నిమిషంలో తనే గోడకు తగిలించింది. రిబ్బను తెగాక పెద్దసారు అది చూసి గుడ్లురిమాడు. అంతమందిలో దింపించలేడు కదా. కూతురు తల్లినీ తండ్రినీ అక్కడికే తీసుకెళ్ళి, వీధి ఎక్కడో వేలితో చూపించింది. తల్లి పటం చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్ళీ పటం చూసింది. గిరుక్కున తిరిగి, ప్రదర్శన ఖర్చు పెట్టుకున్నందుకు దండ వేసుకుని నిలబడ్డ ప్లాట్లవారి అబ్బాయి ముందుకు పోయింది.

"ఏమయ్యా, చెరువు అమ్మారా మాకు? నేను ఈ మనిషిని అనని మాట లేదు! ఆ తిట్లన్నీ ఇప్పుడెవరు పడతారు, నువ్వు పడతావా?"

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు" అన్నాడు మేస్త్రీ అలవాటుగా.

"ఊరుకునే ఇంత చేశావ్! ఇవాళన్నా నోరు విప్పు!"

మేస్త్రీ ప్లాట్లవారి అబ్బాయిని చూశాడు. పెద్దసారును చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"పునాది నేను గట్టిగానే వేశాను!" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు.