ఒక గొట్టం, రెండు జతల చెవులు

"...అందుకని ఫ్యాను కూడా ఆపేస్తారా సార్? బయట జనం ఉడికిపోతున్నారు."

"ఫ్యాను తిరుగుతుంటే సన్న చప్పుళ్లు వినపడవు కృపామణీ."

"మీకు వినపడితే చాలదా? వాళ్లకెందుకు?"

పంజాగుట్టలో డాక్టర్ యేసురత్నంగారి క్లినిక్కుకి వెళ్లినవాళ్లెవరూ గుండె చప్పుడు స్వయంగా వినకుండా బయటపడలేరు. ఆయన స్టెతస్కోపుకి రెండు జతల చెవిగొట్టాలు. ఒకటి ఆయనకి, రెండోది ఎదురుగా ఎవరుంటే వాళ్లకి. విన్నాక పరీక్ష కూడా ఉంటుంది.

"లబ్ అంటే పై గదికీ కింది గదికీ మధ్య తలుపు పడడం. మరి డబ్ అంటే?"

జవాబు రాకపోతే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. బయట క్యూని సముదాయించేది మాత్రం నర్సు కృపామణి.

అమీర్‌పేట నుంచి వచ్చే మందుల కంపెనీ రవికాంత్ ఒకసారి వినయం కొద్దీ గొట్టాలు తగిలించుకుని, "చాలా క్లియర్‌గా ఉంది సార్, లబ్ డబ్" అన్నాడు. స్టెతస్కోపు బిళ్ల అప్పుడు టేబుల్ మీద ఉంది.

"అయితే మా టేబుల్‌కి ఢోకా లేదు," అన్నారు డాక్టర్‌గారు.

ఈ రోజు ఫ్యాను ఆగింది బోరబండ వజ్రమ్మ కోసం. కూతురు మానస కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తోంది. ఏదో హెల్త్ క్యాంపులో పరీక్ష చేసి గుండెలో అదనపు చప్పుడుందన్నారట. అప్పట్నుంచి వజ్రమ్మ పిల్లను పరుగెత్తనివ్వదు, బిందె ముట్టనివ్వదు, గట్టిగా నవ్వినా "జర మెల్లగ" అంటుంది. పరుగు పరీక్షేమో వచ్చే వారమే.

"గుండె స్కానింగు తీశాం కదా, ఆ ఎకోలో ఏ తేడా లేదమ్మా."

"గట్లనే అంటరు సార్. మా ఆయనను సుత బాగున్నడనే ఇంటికి పంపిన్రు."

డాక్టర్‌గారు మానసను ఎడమ పక్కకి ఒత్తిగిల్లమని, బిళ్ల తేలిగ్గా ఆనించి, రెండో జత వజ్రమ్మ చెవులకి పెట్టారు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఉంది సార్. రెండిటెన్క ఇంకొకటి, సన్నగ."

"రక్తం కింది గదిలోకి దూకే చప్పుడది. ఈ వయసులో మామూలే. నా వయసువాళ్ల గుండెలో వినపడితే మాత్రం కంగారు పడాలి."

మానసను లేపి నిలబెట్టి మళ్లీ బిళ్ల పెట్టారు. వజ్రమ్మ కళ్లు మూసుకుంది. బయట ఎవరో తలుపు కొట్టారు.

"సిస్టర్, ఇంకెంతసేపు?"

"కాస్త ఆగండి," అంది కృపామణి గొంతు తగ్గించి. "ఆవిడ వింటోంది."

చాలాసేపటికి వజ్రమ్మ కళ్లు తెరిచింది. "మూడోది పోయింది సార్. రెండే ఉన్నయి."

"మామూలుది నిలబడితే పోతుంది, జబ్బుది పోదు. అందుకే దానికి భయపడక్కర్లేదు."

వజ్రమ్మ చెవిగొట్టాలు తీసి పక్కన పెట్టింది.

"మానసా, రేపు పొద్దుగాల గ్రౌండుకు పోతున్నవ్. నేను సుత వస్త."