ప్రభువు బల్ల మీది అతుకుల గుడ్డ

మా మేనమామ దర్జీ. చర్చిలో అందరూ ఆయన్ని ‘ఆమేన్ మామయ్య’ అనేవాళ్లు. పాస్టరుగారి ప్రార్థన ఇంకా గొంతులో ఉండగానే ఈయన ఆమేన్‌కి కిటికీ అద్దాలు అదిరేవి. శుక్రవారం ఉపవాసం, ఆదివారం తెల్లచొక్కా, మొదటి వరస బెంచీ. ఇరవై ఏళ్లలో ఒక్కటీ తప్పలేదు. కొట్లో మాత్రం ఆయన నోట తరచుగా వినబడే మాట వేరు: “గుడ్డ చాల్లేదమ్మా.”

ఆ చాలని గుడ్డలన్నీ మిషను కింద సంచిలో చేరేవి.

సంచి నిండాక ఆయనకో భక్తి ఆలోచన వచ్చింది. ముక్కలన్నీ అతికి, చుట్టూ తెల్ల అంచు వేసి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభువు బల్లకు గుడ్డ కుట్టి కానుకగా ఇచ్చాడు. నిజంగానే ముచ్చటగా ఉంది. సంఘ కార్యదర్శిని కాబట్టి వందన సమర్పణ నా వంతు. గొంతు సవరించుకుని, “ఈ కానుకలో మనందరి భాగమూ ఉంది” అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. “అదిగో నా గౌను!” అంది నర్సమ్మ. “మా కర్టెన్ కూడా ఆరాధనకొచ్చిందే!” అంది వెనకావిడ. నాకేమీ అర్థంకాక ఇంకా గట్టిగా, “అవును, ప్రతి ఒక్కరి భాగమూ!” అన్నాను. మా ఆవిడ తల దించుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. ఆ ముచ్చట మా ఇంట్లో ఇంకా పాతబడలేదు.

మామయ్య కూడా నవ్వేసి ఊరుకునేవాడేమో. కానీ ఆరాధన అయ్యాక బడి ఆయమ్మ బల్ల దగ్గరకొచ్చి, మూలల్లోని రెండు నీలం చారల ముక్కలను చేత్తో తడిమింది.

“ఇది మా ఆయన ఆఖరున కొన్న గుడ్డ, తమ్ముడూ. మా పెద్దాడు పొడుగు చేతులు కావాలన్నాడు. నువ్వు చాల్లేదన్నావని, ఉన్నదాంతో సరిపెట్టుకోరా అని వాణ్ణి కసిరాను.”

తిట్టలేదు. వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మామయ్య చర్చి తాళం అడిగాడు. వెనకే వెళ్లి చూద్దును కదా, బల్ల ముందు కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పుతున్నాడు.

“మామయ్యా, కానుకిచ్చింది వెనక్కి తీసుకోకూడదు!”

“ఇచ్చింది నేను కాదుగా అల్లుడూ.”

“పాస్టరుగారితో ఓ ప్రార్థన చేయిద్దాం. సర్దుకుంటుంది.”

“ఇన్నాళ్లూ చేసింది అదేగా.”

“ఇల్లిల్లూ తిరిగి చెప్తావా? ఇక నీకు గుడ్డెవరిస్తారు? కొట్టు మూసుకోవాల్సిందే.”

“మూసుకోవాల్సి రావచ్చు” అన్నాడు. ఇంకో కుట్టు తెంపాడు.

వారమంతా ఎవరి ముక్క వాళ్లకిస్తూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: “గుడ్డ చాలింది. నేనే ఉంచుకున్నాను.” చర్చిలో తమ బతుకు మారిన తీరు చెబుతూ గంటల కొద్దీ సాగిన సాక్ష్యాలు విన్నాను గానీ, ఇంత పొట్టి సాక్ష్యం వినలేదు. ముగ్గురు ఎదుటి దర్జీ దగ్గరకు మారిపోయారు. నర్సమ్మ, “ఈ ముక్కేం చేసుకోను, వేలికి కట్టుకోనా?” అని నవ్వి, మర్నాడే కొత్త గుడ్డ పంపింది.

మా ఇంటికీ వచ్చాడు. నేను ఆశగా, “నా ప్యాంటు నడుం రెండేళ్లుగా బిగుతు, ఎంత తీశావేంటి?” అన్నాను.

“నీ గుడ్డలో దారప్పోగు కూడా తియ్యలేదు అల్లుడూ. అది నీ పొట్టే.”

ఆయమ్మ ఇంటికి మాత్రం ఒంటరిగా కాళ్లు రావడంలేదని నన్ను వెంట తీసుకెళ్లాడు. ఆ ఒక్క మాటా చెప్పి ముక్కలు చాపాడు. ఆవిడ ముక్కలు తీసుకుని లోపలికెళ్లింది. తలుపేసేస్తుందనుకున్నాం. చొక్కా పట్టుకొచ్చింది.

“చేతులకి అతుకు పెట్టు.”

“అతుకు కనబడుతుందక్కా.”

“కనబడనీ.”

మరుసటి ఆదివారం ఆ పెద్దాడు మోచేతుల దగ్గర అతుకున్న చొక్కాతో వచ్చాడు. బల్ల మీద గుడ్డ లేదు. ప్రార్థన ముగిసినా అద్దాలు అదరకపోయేసరికి పాస్టరుగారు కళ్లు తెరిచి మొదటి వరస వైపు చూశారు. మామయ్య ఆఖరి బెంచీలో తల వంచుకుని ఉన్నాడు. పక్కనే ఉన్న నాకు కూడా ఆమేన్ వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాను.