వంశధార ఇసుకలో సముద్రం పిట్ట

ఈ మాట ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది. అమ్మ పోయింది, అన్న పోయేడు. ఇక అడిగేవాళ్ళు లేరు. అయినా మొయ్యలేకపోతున్నాను. మీరు నాకేమీ కారు గనక మీకు చెబుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మాది గుణుపురం దగ్గర పల్లె, వ్యవసాయం. మా వదిన సీతాలుది కళింగపట్నం పక్క సముద్రపు ఊరు. కొండల మధ్యకొచ్చి పడ్డ ఆ పిల్ల నాకు జడ అల్లుతూ అలల కబుర్లు చెప్పేది. ఆ వేళ్ళ కొబ్బరినూనె వాసన ఇప్పటికీ తెలుస్తుంది నాకు.

పుష్యమాసం. కళ్ళంలో ధాన్యానికి నన్ను కాపలా పెట్టేరు. వదిన నీళ్ళకెళ్తుంటే కాపలా వదిలేసి వెనకే వంశధారకి పోయేను. ఇసుక తిన్నె మీద ఒక పిట్ట. కోడిపెట్టంత ఉంది. మట్టిరంగు. కొడవలిలా కిందికి వంగిన పొడుగాటి ముక్కు. అలాంటిది మా వైపు ఎవరూ ఎరగరు.

“అమ్మీ, సూడు! మా సముద్రం పిట్ట. ఈ ఏరు మా ఊరికే పోతది గదా, ఏటెంబడే వచ్చీసింది!”

వదిన నవ్వుతూ ఏడ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని నేనూ గెంతేను. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడైనా పడ్డానా?

పెరటి దారిన నేను ముందే ఇల్లు చేరేను. అప్పటికే ఆవులు ధాన్యం మేసేసేయి. అమ్మ కర్ర పట్టుకుని ఉంది. ఇంతలో వదిన వచ్చి పిట్ట సంగతి చెప్పింది.

“కొండల్లో సముద్రం పిట్టేటి? నువ్వూ సూసేవేటే అమ్మీ?” అంది అమ్మ.

“నాను ఏటికెల్లనేదు.”

వదిన నాకేసి చూసింది. ఒక్క మాట అంటే నా వీపు పగిలేది. అనలేదు.

వదినకి పుట్టింటి బెంగతో గాలి సోకిందన్నారు. గాలి దించే గుణియాని పిలిచేరు. వేపమండలతో కొట్టేడు, మిరపకాయల పొగ పెట్టేడు. నేను తలుపు చాటున నిలబడి చూసేను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? దెబ్బలకేనా భయం? కాదు. ఇంత జరిగేదాకా నోరు మూసుకున్నదానిగా అందరి కళ్ళకీ కనబడాల్సొస్తుందని, అందుకు.

ఆ తరవాత వదిన మరెప్పుడూ సముద్రం ఊసెత్తలేదు. నాకు పెళ్ళి కుదిరిన ఏడు, జడ వేస్తూంటే ధైర్యం చేసి, “వదినా, ఆ పిట్ట...” అన్నాను.

“ఏ పిట్టమ్మీ? అప్పుడు నాకు మతి బాగునేదు గదా” అంది, మెల్లగా.

అప్పుడూ చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

పిట్ట ఉంది. వదిన మతి బాగానే ఉంది. నా కళ్ళతో చూసేను. ఆమెకి చెప్పాల్సిన మాట మీకు చెప్పేను, అది సరిపోదని తెలుసు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.