పెద్ద లీగులో ఓరెస్ట్ ఆడిన ఒక్క ఆట

మా ఊరు వార్నాక్ దాటి ఎక్కడికి వెళ్ళి ఓరెస్ట్ పలమార్ పేరు చెప్పినా, అవతలివాళ్ళు వెంటనే అడిగేది ఒకటే: మైరాన్ పలమార్‌కి ఏమవుతాడు అని. అన్న అవుతాడు. పదహారు నెలలు పెద్ద. నాకు బావ. వాళ్ళ చెల్లెలు స్టెఫాని చేసుకున్నాను. పెళ్ళికి ముందు నుంచే నేనూ ఓరెస్టూ ఒకే ఐస్ హాకీ జట్టులో ఉన్నాం. ఏడేళ్ళపాటు నేను గోలు కాశాను, అతను నా ముందు డిఫెన్స్ ఆడాడు. బస్సులో పక్కపక్క సీట్లు.

అన్నదమ్ములిద్దరూ స్కేటింగ్ నేర్చుకున్నది వాళ్ళ గోధుమ పొలం చివర గడ్డకట్టిన మడుగు మీద. ఇద్దర్లో ఓరెస్టే మెరుగని వాళ్ళ నాన్న ఆఖరిదాకా అంటూనే ఉన్నాడు. ఓరెస్ట్‌కి పదిహేడేళ్ళప్పుడు అతన్ని చూడ్డానికని రెజైనా నగరం నుంచి జట్టుకి కుర్రాళ్ళని ఏరే ఒక పెద్దమనిషి మా ఊరి మంచు రింక్‌కి వచ్చాడు. ఆ పూట ఓరెస్ట్ తనకి పక్ బిళ్ళ దొరికిన ప్రతిసారీ తమ్ముడికే అందించాడు. ఆట అయ్యాక ఆ పెద్దమనిషి పలమార్ వాళ్ళ వంటింట్లో కూర్చుని, పైరోగీ కుడుములు తింటూ, చిన్నవాడి గురించే అడిగాడట. పెద్దవాణ్ణి కూడా తీసుకుపోతాం లెండి, తోడుగా ఉంటాడు అన్నాడట.

అలా తోడుగా వెళ్ళినవాడు తోడుగానే మిగిలిపోయాడు. మైరాన్ ఇరవై ఏళ్ళు నిండకుండానే పెద్ద లీగుకి చేరాడు. ఓరెస్ట్ పదకొండు సీజన్లు చిన్న లీగుల్లో, మిల్లుల ఊళ్ళలో, కప్పు కారే రింకుల్లో ఆడాడు. పోస్టర్ల మీద అతని పేరు చిన్నక్షరాల్లో, దాని కింద 'మైరాన్ అన్న' అని పెద్దక్షరాల్లో వేసేవాళ్ళు. ప్రత్యర్థుల ఊళ్ళో జనం "పలమార్ని కొనమంటే మారు పలమార్ని కొనుక్కొచ్చార్రా" అని గోల చేసేవాళ్ళు. బాధగా ఉండదా అని ఒకసారి అడిగాను. వాడి పేరు లేకపోతే ఆ మాత్రం కూడా తిట్టేవాళ్ళుండరు కదా అని నవ్వేశాడు.

కానీ ఆట వచ్చినవాడు. తల దించుకుని మధ్యలోంచి దూసుకొచ్చేవాణ్ణి భుజంతో నిలబెట్టి కొట్టడంలో మా లీగులో అతనికి సాటి లేరు. నిబంధనల ప్రకారమే కొట్టేవాడు, దొంగదెబ్బ తియ్యడు. అలా దెబ్బ తిన్నవాళ్ళే లేచాక వచ్చి అతని భుజం తట్టి వెళ్ళడం నేను చూశాను.

డెబ్భై ఐదు ఫిబ్రవరిలో పెద్ద లీగు నుంచి పిలుపొచ్చింది. మా పై జట్టులో ఇద్దరు డిఫెన్స్ వాళ్ళకి ఒకేసారి దెబ్బలు తగిలాయి. మర్నాటి ఆట మైరాన్ జట్టుతోనే. అన్నదమ్ముల పోటీ అని చెప్పి జనాన్ని రప్పించడానికే పిలిచారని కొందరన్నారు. ఏదైతేనేం, ఓరెస్ట్ స్కేట్లు సంచిలో వేసుకుని విమానం ఎక్కాడు. అతనికి అప్పుడు ఇరవై ఆరేళ్ళు.

ఆట రోజు సాయంత్రం మేమంతా డ్రెస్సింగ్ రూములో రేడియో చుట్టూ మూగాం. రెండు భాగాలు అయ్యేదాకా ఓరెస్ట్‌ని మూడు నాలుగు నిమిషాలకి మించి మంచు మీదికి దించలేదు. ఆఖరిదైన మూడో భాగంలో స్కోరు రెండు-రెండు మీద ఉండగా మళ్ళీ దింపారు. మైరాన్ పక్ తీసుకుని మధ్యలోంచి వస్తున్నాడని, పక్ కాళ్ళలో ఇరుక్కుంటే తల వంచి చూసుకుంటున్నాడని, ఎదురుగా అన్నే ఉన్నాడని వ్యాఖ్యాత గొంతు పెంచాడు. నేను కుర్చీలోంచి లేచాను. అలాంటి అవకాశం ఓరెస్ట్ ఎన్నడూ వదల్లేదు. మరుక్షణం గోలు పడింది. "పాతిన గుంజని చుట్టినట్టు అన్నని చుట్టి వచ్చేశాడు" అన్నాడు వ్యాఖ్యాత.

ఓరెస్ట్‌ని మళ్ళీ దింపలేదు. మర్నాడు పొద్దున్నే వెనక్కి పంపేశారు.

అతను వచ్చేసరికి మావాళ్ళు ఎక్కడినుంచో ఒక కంచె గుంజ తెచ్చి అతను కూర్చునేచోట నిలబెట్టారు. దానికి అతని జెర్సీ తొడిగారు. అందరం నవ్వాం. ఓరెస్ట్ గుంజ మీది జెర్సీ విప్పి, దులిపి, తొడుక్కుని మంచు మీదికి వెళ్ళాడు. ఆ జెర్సీ గుంజకి తొడిగింది నేనే. ఆ మాట అతనికి ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను.

తర్వాత ఇంకో ఐదు సీజన్లు ఆడాడు గానీ పైనుంచి పిలుపు రాలేదు. మోకాలు పోయాక వార్నాక్ వచ్చి ధాన్యం గిడ్డంగిలో పనికి చేరాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. తమ్ముడు టీవీలో కనిపిస్తే చూసేవాడు. ఫోన్ చేస్తే మాట్లాడేవాడు. కానీ ఇద్దరి మధ్యా ఏదో చిక్కుముడి పడిందని స్టెఫా అంటూండేది.

అదేమిటో ఎనభై నాలుగులో వాళ్ళ నాన్న పోయినప్పుడు తెలిసింది. ఖననం అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. హాలు వంటింట్లో ఓరెస్టూ నేనూ పెద్ద గిన్నెలు తోముతుంటే మైరాన్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "అన్నా, ఆ రోజు నువ్వు అరవకపోతే నా మెడ విరిగేది" అన్నాడు.

"ఏం అరుపు?" అన్నాను నేను.

మైరాన్ చెప్పాడు. చిన్నప్పుడు మడుగు మీద తను తల దించుకుని పరిగెడుతుంటే ఎదురుగా ఎవరైనా వస్తే అన్న "హొలోవా!" అని అరిచేవాడట. వాళ్ళ ఇంటి భాషలో తల అని. తల ఎత్తరా అని. ఆ రోజు కొట్టాల్సిన అన్నే, ఎదుటి జట్టులో ఉండి, ఆ మాటే అరిచాడు. మైరాన్ తలెత్తాడు, పక్కకి తప్పుకున్నాడు, గోలు వేశాడు.

"కావాలని అరవలేదురా" అన్నాడు ఓరెస్ట్, చేతిలో గిన్నె వదలకుండానే. "నోట్లోంచి వచ్చేసింది. కోచ్ విని ఏమన్నావని అడిగాడు. చెప్పేశాను."

"ఏదో ఒక అబద్ధం చెప్పకపోయావా బావా" అన్నాను.

"తోచలేదు."

మైరాన్ తల వంచుకున్నాడు. "పేపరువాళ్ళు అడిగితే, సందు కనబడింది, దూరానన్నాను. అందరూ మెచ్చుకుంటుంటే ఆ గోలు నా ఒక్కడిదే అనిపించుకోవాలనిపించింది. ఇప్పుడు చెప్పేస్తాను అన్నా. రేపే చెప్తాను."

"వద్దు. సొంత జట్టుని ముంచి అవతలివాణ్ణి కాపాడాడంటారు. దానికంటే గుంజ అనిపించుకోవడమే నయం. చెప్పనని మాటియ్యి."

మైరాన్ మాటిచ్చాడు.

ఐదేళ్ళ తర్వాత మైరాన్ ఆట మానేశాడు. అతని జెర్సీని రింక్ కప్పుకి ఎత్తి వేలాడదీసే సన్మానానికి మమ్మల్నందర్నీ పిలిచాడు. ఓరెస్ట్ కొత్త సూటు కుట్టించుకున్నాడు. పద్దెనిమిది వేల మంది జనం. మైరాన్ అమ్మానాన్నల పేరు చెప్పాడు, భార్య పేరు చెప్పాడు, కోచ్‌ల పేర్లు చెప్పాడు. "నాకు స్కేటింగ్ నేర్పింది మా అన్న ఓరెస్ట్" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఓరెస్ట్ సగం లేచి, కూర్చున్నాడు. మైరాన్ మా వైపే చూస్తూ కొంచెంసేపు ఆగాడు. ఓరెస్ట్ కుర్చీ అంచుకి జరిగి ముందుకి వంగాడు. తర్వాత మైరాన్ కాగితం తిప్పి, రింక్ సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు కారులో తిరిగొస్తున్నాం. వెనక సీట్లో స్టెఫా నిద్రపోయింది. కోతలైపోయిన చేలు పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి.

"వద్దన్నానని వాడు నిజంగానే ఊరుకున్నాడు, క్లెమ్" అన్నాడు ఓరెస్ట్ నాతో.

"మాటిచ్చాడు కదా బావా."

"ఇచ్చాడు." ఇంకో ఊరు దాటాక మళ్ళీ అన్నాడు. "నేను వద్దనకుండా ఉండాల్సింది."

ఫోన్ చేసి చెప్పమన్నాను. ఏమని అడుక్కోమంటావ్ అన్నాడు. నేనైనా చెయ్యాల్సింది. అన్నదమ్ముల మధ్య నేనెందుకనుకుని వారాలు గడిపాను, వారాలు ఏళ్ళయ్యాయి. తొంభై ఆరు సెప్టెంబరులో, లారీలు వరసకట్టి ఉండగా, ఓరెస్ట్ గిడ్డంగిలోనే గుండె ఆగి పోయాడు. నలభై ఏడేళ్ళు.

అప్పుడు చెప్పాడు మైరాన్. ఖననం రోజున అదే చర్చి హాల్లో, నూటయాభై మంది ముందు, ఆ అరుపు సంగతి మొదలుకొని పేపరువాళ్ళకి తను చెప్పినదాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. స్టెఫా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

భోజనాలయ్యాక బయట లారీల దగ్గర మగవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. నేనూ మైరానూ మెట్లు దిగుతుంటే ఓరెస్ట్‌తో పదహారేళ్ళు పనిచేసిన ఒకతని మాట మాకు స్పష్టంగా వినబడింది. "ఎంత పెద్ద మనసయ్యా మైరాన్‌ది. పోయిన అన్న కోసం ఎంత మంచి కథ కల్పించాడో చూడు."

పక్కనున్నవాళ్ళు అవునవునన్నారు. నేను వాళ్ళ వైపు అడుగు వేశాను. మైరాన్ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి తిరిగి, హాల్లోకి వెళ్ళి, చెల్లెలితో కలిసి కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు.