ఎర్రబోర్డు దగ్గర రెండు పిలుపులు

ఈ స్టీరింగు మీద చెయ్యేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. నమ్మకపోతే మానెయ్యండి. నమ్మించే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది.

విజయనగరం నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో ఓ విమానాశ్రయం. పేరు అడక్కండి. అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వస్తున్న రోజుల్లో అక్కడ జీపు నడిపేవాణ్ణి. ఇప్పుడూ అదే పని. దిగిన విమానానికి ముందు నడిచి, అది నిలవాల్సిన చోటు చూపించే జీపు. దాని వెనక ‘ఫాలో మీ’ అని పెద్ద అక్షరాలు వెలుగుతుంటాయి. ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు గానీ, అంత విమానం బుద్ధిగా నా వెంట వచ్చేది.

పక్క సీట్లో మా అక్క మొగుడు, శృంగవరపుకోట సింహాచలం. విమానాల రాకపోకలు చూసే టవరుతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు ఆయన చేతిలో ఉంటుంది. పేరులోని సింహం ఎప్పుడో పారిపోయింది. అచలం మాత్రమే మిగిలింది.

చలికాలం. ఇంకా తెల్లవారలేదు. మంచు... మాకు గజపతినగరంలో మంచంటే చలిమంటకి ఓ సాకు. ఇక్కడ మంచులో మంచి అన్నది ఒక్కటీ లేదు. అదీ ఒక్క తీరున ఉండదు. రన్‌వే అవతలి కొస తేటగా ఉంటుంది. మా దగ్గరేమో ముద్ద. లైటు వేస్తే తెల్లగోడ. తీస్తే నల్లగోడ.

టవరు నుంచి ఇంగ్లీషులో మాట వచ్చింది. విమానం దిగుతోంది, ఎర్రబోర్డు దగ్గర ఆగండి, రన్‌వే మీదకి రాకండి అని. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి. అది రూలు. బావ అప్పజెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది.

ఆ ఎర్రబోర్డు దాటితే రన్‌వేయే. దాని పక్కనే నేల మీద పసుపు గీతలుంటాయి. చీకట్లో కనబడాలని బోర్డు లోపల బల్బులుంటాయి. ఉండాలి! అవి మాడిపోయి ఎంత కాలమైందో. చెప్పిన ప్రతిసారీ “చూస్తాం” అనేవారు. బోర్డే కనబడటం లేదు మొర్రో అంటే, చూస్తాం అంటారేమిటండీ!

నత్తలా పోనిస్తున్నాను. వైపర్ కిర్రు... కిర్రుమంటోంది. బోర్డు రాలేదు. ఇంకొంచెం పోనిచ్చాను. రాలేదు.

“బావా, కనబడతన్నాదేటి?”

“నా ముక్కే నాకు కనబడ్నేదు. బోర్డేటి కనబడతాది!”

అప్పుడు... సెట్టు గరగరమంది.

“ఒరే సింహాచలం...”

తెలుగు. మన యాస. బావ పలకలేదు. సెట్టును రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయాడు.

“పలకవేటి బావా?”

“ఉండ్రా. మంచులో పేరెట్టి పిలిస్తే మూడోపాలి దాకా పలక్కూడదు. మాయమ్మ సెప్పీది.”

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే బదులివ్వాలని నేర్పడానికి వీళ్లకి ట్రైనింగు. అందులో ఈయనకి మంచి మార్కులు కూడా.

“అది టవరు బావా! టవరు!”

“టవరుకి నా పేరెలా తెలుస్తాదిరా?”

వైపర్ కిర్రుమంది. జీపు కదులుతూనే ఉంది...

“ఒరే సింహాచలం... ఆపమనరా ఆడిని.”

గొంతులో కోపం లేదు. భయపెట్టే తీరూ లేదు. విసుగు... చెప్పి చెప్పి నోరు పడిపోయినవాడి విసుగు.

ఆ మాట విని ఆగానని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. కాదు. సెట్టు లాక్కుని బావ నెత్తిన రెండు మొట్టికాయలు వేద్దామని బ్రేకు తొక్కాను.

జీపు ఆగింది.

ముందు గాజు వణికింది. తర్వాత సీటు. తర్వాత నా పళ్లు. తెల్లగోడ చీల్చుకుని రెండు దీపాలు... ఓ పెద్ద రెక్క... కుడి నుంచి ఎడమకి, మా ముందు నుంచి దూసుకుపోయాయి. అన్ని ప్రాణాలు మోస్తున్న విమానం. ఇంకొంచెం పోనిచ్చి ఉంటే... అక్కకి కబురు చెప్పడానికి కూడా నేను మిగిలేవాణ్ణి కాదు.

దిగి చూశాను. ముందు టైర్లు పసుపు గీతని ముద్దు పెట్టుకుంటున్నాయి. పక్కనే చెయ్యి చాస్తే తగిలేటంత దగ్గరలో ఎర్రబోర్డు. చీకటిగా.

టవరుని అడిగాం. మొదట ఆగమని చెప్పింది తప్ప మళ్లీ తాము పిలవలేదన్నారు. ఆ వేళ డ్యూటీలో ఉన్నాయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. అక్కడి ఫైరింజను వాళ్ల దగ్గరా ఇలాంటి సెట్టే ఉంటుంది; మనవాళ్లే, ఆట పట్టించారేమోనని వెళ్లి పోట్లాడాను. వాళ్ల సెట్టు చార్జింగులో ఉంది.

మర్నాడే బల్బులు వేశారు. ఈసారి ఎవరూ అడక్కుండానే!

దెయ్యమే అంటారు మీరు. అయుండొచ్చు. కానీ దెయ్యానికి మా మీద అంత విసుగెందుకు? అంతకు ముందు ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది... ఎవర్ని?

బావని కదిపితే ఒకటే మాట.

“రెండుపాలే పిలిసినాది. మూడోది ఇంకా రానేదురా.”

ఇప్పటికీ ఆయన సెట్టు గరగరమంటే చాలు, పలకడు. నాకేసి చూస్తాడు. నేనూ తిట్టను... బ్రేకు మీద కాలేసి వింటాను.