ఆయన కాలు, నా కాపలా

మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. ఎవరు ఏ జబ్బుకు తెచ్చుకున్న మాత్రలైనా, నొప్పి తగ్గగానే మిగిలినవి అందులో పడేవి. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను గానీ, ఆ మాత్రల అట్టల మీది రాత నాకు అందదు. రంగు చూసి ఇచ్చేదాన్ని. వీధిలో ఎవరికి పుండు లేచినా నా డబ్బా దగ్గరికే వచ్చేవారు. గర్వంగా ఉండేది.

ఆళ్లగడ్డ దగ్గర మా శనగ చేలో మా ఆయన పాదంలో తుమ్మముల్లు దిగింది. అసలే షుగరు మనిషి. రెండు రోజులు మాత్రలిచ్చాను. వాపు తగ్గింది, ఆపేశాను. మళ్లీ వాచింది, మళ్లీ ఇచ్చాను. చివరికి పాదం నల్లబడితే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. కుళ్లు కోసి తీసి, చీము పరీక్షకు పంపారు.

డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. "అరకొరగా మింగితే పురుగు చావదమ్మా, మందుకు రాటుదేలుతుంది. ఈ పురుగు మీద పనిచేసే మందు ఒక్కటే మిగిలింది. దీనికి ఇంకో పురుగు తోడైతే కాలు తీసేయాల్సిందే. ఇక్కడ ఆ పురుగులు చేతుల మీదుగానే మంచం నుంచి మంచానికి పోతాయి."

మా వైపు మనిషి మంచాన పడితే ఊరంతా చూడటానికి రావాలి. మంచం మీద కూర్చుని, కట్టు తడిమి, అయ్యో అనాలి. తడమకపోతే ప్రేమ లేనట్టే. పోతూ పోతూ పక్క మంచాల వాళ్లనూ అలాగే పలకరిస్తారు. అందుకే గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. 'చేతులు కడుక్కోండి, కట్టు ముట్టుకోవద్దు' అని వంకర అక్షరాలతో ఒక అట్ట మీద రాసి గోడకు ఆనించాను.

రుద్రవరం నుంచి ఆయన అక్క గిన్నె పట్టుకుని వచ్చింది.

"యాడికి పోతాండావ్ వదినా? ఆ అట్ట చూడు."

"నాకు చదువు రాదని ఎగతాళి చేస్తాండావా?"

నేనే చదివి వినిపించాను.

"ఏమే, నేను ఎత్తుకోని పెంచినోన్ని ముట్టుకోకూడదా? నాకేమన్నా అంటురోగమా?"

"నీకు కాదు, నీ తమ్మునికి. నీ చేతికంటితే నీ మనవళ్ల దాకా పోతాది."

లోపలి నుంచి ఆయన నవ్వాడు. "కడుక్కోక్కా. కడుక్కోకుంటే ఇది నాకే అన్నం పెట్టడంల్యా!"

వదిన కడుక్కోలేదు. గిన్నె నా ఒళ్లో పెట్టి, గడప బయటి నుంచే తమ్ముణ్ణి చూసి వెళ్లిపోయింది. ఏడాది పాటు మా గడప తొక్కలేదు.

ఆయనకు బొటనవేలు పోయింది, కాలు నిలిచింది. డబ్బాలోని మాత్రలు దిబ్బలో పోయబోతే నర్సు వద్దంది, మట్టిలోని పురుగులు కూడా మందుకు రాటుదేలుతాయట. ఆమె చేతికే ఇచ్చాను. ఆ డబ్బాలో ఇప్పుడు బెల్లం ఉంటుంది.

మొన్న వదినకు నంద్యాలలో మోకాలి ఆపరేషన్ అయింది. తనే ఫోన్ చేసింది.

"ఏమే, ఊరు ఊరంతా జీపు మాట్లాడుకోని వస్తాండారంట. తొందరగా రా. ఆ అట్ట గూడా తెచ్చుకో."

పాత అట్ట ఎప్పుడో చిరిగింది. కొత్తది రాసుకుని బయల్దేరాను. బస్టాండు దాకా ఆయనే నాకంటే ముందు నడిచాడు.