మలికిపురం కాలు

ఆ పరిశోధనలో మేం ఇద్దరం. నేను ప్రమాదాల్లోనో షుగరు వల్లనో కాలు పోయినవాళ్ళకు తిరిగి నడక నేర్పే డాక్టర్ని, విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెబుతాను. రెండోవారు అదే ఆవరణలో, రోడ్డుకు అవతలి భవనంలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. అందరూ మాస్టారనే పిలుస్తారు. మాకిద్దరికీ మాట కుదరడానికే చాలా రోజులు పట్టింది. నేను నొప్పి అంటే ఆయన ఎంత అని అడిగేవారు. ఆయన లోడు అంటే నేను ఎవరి మీద అని అడిగేదాన్ని.

మేం చేస్తున్నది నీళ్ళలో పాడవని, బురదలో దిగబడని కృత్రిమ కాలు. మామూలుగా దొరికే కాళ్ళు సిమెంటు గచ్చు మీద బాగానే నడుస్తాయి, పొలం గట్టు మీద జారిపోతాయి. నాది రాజోలు ప్రాంతం కాబట్టి పరీక్ష అక్కడే చేద్దామన్నాను. మొండికాలు దూర్చే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటాం. దాని లోపల ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పే పలచటి సెన్సార్లు మాస్టారు అంటించారు. ఆ లెక్కలు ఫోను ద్వారా మా ల్యాబుకు వచ్చేవి.

పరీక్షకు ఒప్పుకున్న అక్కడివాళ్ళలో మలికిపురం ఆయన ఒకరు. కువైట్‌లో పనిచేస్తుండగా లారీ కింద పడి మోకాలి దిగువన కాలు పోయింది. తిరిగొచ్చాక చంక కర్రతో ఇంటిపట్టునే ఉంటున్నారు. కాలు తొడిగిన రోజు కాలవగట్టు మీద అటూ ఇటూ నడిచి వచ్చి నిలబడ్డారు.

“ఎలా ఉందండీ?” అన్నాను.

“ఆయ్, బాగుందండి.”

లెక్కలు కూడా బాగానే వచ్చాయి. కొన్నాళ్ళకు మాత్రం పగటిపూట గ్రాఫు గీతలు వింతగా కనిపించసాగాయి. నడిచేటప్పుడు ఒత్తిడి పైనుంచి కిందికి పడాలి. ఈయనకు పక్క నుంచి, మెలి తిరిగినట్టు, ఆగకుండా పడుతోంది. సెన్సారు పాడైందని మాస్టారు తేల్చి, ఆ లెక్కలు తీసేద్దామన్నారు. అదే వారంలో మలికిపురం ఆయన భార్య నాకు ఫోను చేసింది.

“డాక్టరుగారండీ, చెప్పొద్దన్నారు గానీ చెప్తన్నానండి. ఈయన కొబ్బరి కొట్టులో కాయల ఒలుపుకి వెళ్తన్నారండి. కాలు పుండు పడిందండి. మీకు తెలిస్తే కాలు పట్టుకుపోతారని దాచేరండి.”

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. కట్టు విప్పి చూశాను. చర్మం చితికి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఎముకకు ఇంకా తగల్లేదు.

“కాలు నేను తీసుకెళ్ళాలండీ,” అన్నాను.

“మీరే ఇచ్చేరు, మీరే తీసుకుంటారు. మధ్యలో నేనెవర్నండీ?”

“పుండు ముదిరితే మోకాలు కూడా పోతుంది.”

“పోతే నాదే కదండీ పోయేది.”

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ కళ్ళు దించుకోలేదు. “ఆయ్, నేనే చెప్పేను,” అంది. కాలు సంచీలో పెట్టి నా చేతికిచ్చింది కూడా ఆవిడే.

కారెక్కాక మాస్టారు ఊరుకోలేదు. “లోపల మెత్త వేస్తే సరిపోయేది కదా మేడమ్? మనిషి పనిలో పడ్డాడు.”

“మెత్త వేస్తే పుండు కనబడదు మాస్టారూ. తగ్గదు.”

“ఇప్పుడాయన మళ్ళీ కర్ర పట్టుకోవాలి.”

“పట్టుకోవాలి.”

గోదావరి వంతెన దాటాక ఆయన, “వాళ్ళు కాయ ఎలా ఒలుస్తారో చూడాలి,” అన్నారు.

ఆ మాట మీద తర్వాతి వారం మలికిపురంలో ఒక కొబ్బరి కొట్టుకు వెళ్ళాం. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయ గుచ్చి, ఒంటి బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, నడుముతో మెలి తిప్పుతారు. పీచు చీలుతుంది. మళ్ళీ కాయ, మళ్ళీ మెలి. మాస్టారు తానూ ఒకటి ప్రయత్నించారు. కాయ జారి ఆయన చెప్పు మీద పడింది. ఆ తర్వాత పీచు గుట్ట మీద కూర్చుని సాయంత్రం దాకా బొమ్మలు వేసుకున్నారు. ఒలుపు చేసేవాళ్ళ చెప్పుల్లో సెన్సార్లు పెట్టి చూస్తే ల్యాబులో మేం వింత అనుకున్న గీతలే వచ్చాయి. మేం ఆ కాలిని నడక కోసం చేశాం. ఆయనకది నిలబడి పనిచేయడానికి కావాలి.

కొత్త కాలికి చీలమండ దగ్గర మెలిక మింగే ముక్క ఒకటి చేరింది, సాకెట్ అంచు మారింది. ల్యాబులో దాన్ని అందరూ మలికిపురం కాలు అనడం మొదలుపెట్టారు. ఈలోగా పుండు చూడ్డానికి నేను వెళ్ళినప్పుడల్లా ఆయన లుంగీ పైకి మడిచి, మొహం పక్కకు తిప్పుకుని కూర్చునేవారు. నేను కట్టు మార్చి వచ్చేదాన్ని. పుండు మానింది.

కాలు తయారై తీసుకెళ్ళిన రోజు ఆయన ముందే షరతు పెట్టారు. “ఈసారి పుండు పడితే నేనే చెప్తానండి. కాలు మట్టుకు ఇంట్లోనే ఉండాలండి.”

“ఇంట్లో ఉంటే తొడుక్కుంటారు కదండీ.”

ఆయన భార్య అందుకుంది. “బీరువాలో పెట్టి తాళం నా దగ్గరుంచుకుంటానండి.”

ఆయన నవ్వారు. మా పరిచయంలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. పరిశోధన ముగిశాక కాళ్ళు వెనక్కి తీసుకోవాలన్న నిబంధన మార్చమని పరిశోధనలకు అనుమతులిచ్చే నైతిక కమిటీకి రాశాం. రెండుసార్లు ప్రశ్నలు పంపి, చివరికి ఒప్పుకున్నారు.

మా పరిశోధన పత్రం అచ్చయింది. పరీక్ష మధ్యలో ఆగిపోయారు కనుక ఆయన మొదటి కాలి లెక్కలు అందులో లేవు. పద్ధతి అదే. మాస్టారికి ఆ విషయంలో ఇప్పటికీ అసంతృప్తి ఉంది, నాకు లేదు.

ఆయన ఒలుపుకి వెళుతూనే ఉన్నారు, పూటంతా కాదు, మధ్యాహ్నం దాకా. మధ్యలో ఒకసారి చర్మం ఎర్రబడితే బీరువాకు తాళం పడిందట. ఇప్పుడు మడమ దగ్గర రబ్బరు అరిగింది. కొత్తది చేయించడంలో ఆలస్యమవుతోంది. సైకిలు ట్యూబు ముక్క చుట్టుకుని నెట్టుకొస్తున్నానని మొన్న ఫోనులో చెప్పారు. ఎలా చుట్టారో ఫోటో పంపమని మాస్టారు అడిగారు.